నర్సుబాయి రక్తంలో ఒక సున్నా

2023 ఫిబ్రవరి. ఆర్మూర్ బస్టాండు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఇరవై పడకల ప్రైవేటు దవాఖానలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి మూడో ఏడు. ల్యాబ్ అంటే ఒకటే గది. ఒక మైక్రోస్కోపు, రక్తకణాలు లెక్కపెట్టే ఒక మిషన్, షుగర్, సోడియం లాంటివి చూసే ఇంకో మిషన్, క్రిములను పెంచే ఇంక్యుబేటర్ ఒకటి, నేను. పసుపు తవ్వే కాలం కావడంతో సూది గుచ్చే ముందు చేతికి స్పిరిట్ దూది రుద్దితే దూది పసుపెక్కేది.

ఆ నెలలో ఒక సోమవారం నర్సుబాయి వచ్చింది. జక్రాన్‌పల్లి దగ్గరి ఊరు. యాభై రెండేళ్ళు. ఎకరంన్నర పసుపు చేను. కొమ్ములు తవ్వుతుంటే పార అంచు ఎడమ కాలి పిక్కకు తగిలి నెల దాటింది. వెంట కోడలు లావణ్య ఉంది. పుండు మీద అంగుళం మందాన పసుపు మెత్తి ఉంది.

"అమ్మా, నేను చీము తియ్యాలె. గిట్ల పసుపు పెట్టుకొనొస్తే నాకు పసుపే కనబడతది గాని చీము కనబడదు" అన్నాను.

"గందుకేనా ఫికరు? మా ఇంట్ల పదిహేను బస్తాలున్నయ్ బిడ్డా. పుండుకు ఇంత పెట్టుకుంటే తరుగుతదా?" అని నవ్వింది.

లావణ్య మాత్రం నవ్వలేదు. "అన్నా, ఈమెకు నొప్పి లేదు, జెరం లేదు. గదే నాకు భయమైతుంది. పుండేమో రోజు రోజుకు లోపలికి పోతుంది. వచ్చే వారం పసుపు ఉడకబెట్టేదుంది, గది విడిచి దవాఖానకు రానంటది ఈమె."

ఉప్పునీళ్ళతో పుండు కడిగి, అడుగు నుంచి చీము తీసి, రక్తం కూడా తీసుకున్నాను. సూది తీసిన చోట రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ పడింది. నా నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ప్రకారం ఆ రోజు రాసుకున్నవి ఇవి. ఒకటి, జ్వరం లేదు. రెండు, తెల్లకణాలు పద్దెనిమిది వేలు, అంటే ఒంట్లో పెద్ద పోరాటమే జరుగుతోంది. మూడు, చర్మం పలచన, సూదికే కమిలిపోతోంది. నాలుగు, ముఖం గుండ్రంగా నిండి ఉంది. ఐదు, ఇయోసినోఫిల్స్ సున్నా.

ఐదోదాన్ని కొంచెం వివరించాలి. తెల్లకణాలు ఐదు రకాలు. గాజుపలక మీద రక్తపు పొర పరిచి, రంగు వేసి, వంద కణాలు చూసి ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. దాన్ని డిఫరెన్షియల్ కౌంట్ అంటారు. ఇయోసినోఫిల్ అనే రకం ఎర్రటి గింజలు నింపిన సంచిలా ఉంటుంది. మామూలు మనిషిలో నూటికి రెండో మూడో ఉంటాయి. నర్సుబాయి రక్తంలో వందలో ఒక్కటీ లేదు. మరో రెండు వందలు లెక్కపెట్టాను. లేదు. సున్నా అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

చీమును కల్చర్‌కు పెట్టాను. అంటే క్రిములకు ఇష్టమైన ఆహారం పోసిన గాజుపళ్ళెంలో చీము పూసి, ఒంటి వేడిలో ఉంచి, ఏం మొలుస్తుందో చూడటం. రెండు రోజులు చూశాను. ఏమీ మొలవలేదు. 'నో గ్రోత్' అని రిపోర్టు ఇచ్చేశాను. మామూలుగా ఆ పళ్ళేన్ని అప్పుడే పారేయాలి. ఆ వారం పని ఎక్కువై మరిచిపోయాను. శనివారం ఇంక్యుబేటర్ తుడుస్తుంటే పై అరలో అది కనబడింది. పళ్ళెం మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లటి చిన్న చిన్న బొబ్బలు. మూత కొంచెం ఎత్తేసరికి తొలకరి వాన పడ్డ చేను వాసన వచ్చింది. మూత ఎత్తి వాసన చూడటం తప్పే, చేయకూడదు. కానీ ఆ వాసన మరిచిపోలేను.

మా మేడమ్ నిజామాబాద్ నుంచి సోమవారం, శుక్రవారం వస్తారు. జనరల్ ఫిజీషియన్. సోమవారం నర్సుబాయి కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు మేడమ్‌కు పళ్ళెం, ఆ బొబ్బల నుంచి చేసిన స్లైడు చూపించాను. స్లైడులో సన్నటి దారాలు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉన్నాయి.

"నోకార్డియా" అన్నారామె. "మట్టిల ఉంటది. చేన్ల పనిచేసేటోళ్ళందరి కాళ్ళకూ అంటుతనే ఉంటది. చాలామందిని ఏం చెయ్యదు. గీమెను ఎందుకు పట్టింది?"

అప్పటిదాకా నా బుర్రలో లెక్క సులువుగా ఉండేది. క్రిమి బలమైనదైతే జబ్బు, బలహీనమైనదైతే జబ్బు లేదు. కానీ ఇది బలహీనమైన క్రిమే. ఊరంతా దాని మీదే నడుస్తోంది. మరి ఒక్క నర్సుబాయి కాలికే తలుపు ఎవరు తెరిచారు?

మేడమ్ కారణాలు ఒక్కొక్కటే కొట్టేశారు. హెచ్ఐవీ లేదు. షుగర్ కొంచెం ఎక్కువే కానీ ఇంత చేసేంత కాదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. నా సున్నాను వేలితో చూపించి, "స్టెరాయిడ్ ఒంట్ల ఉంటే ఇయోసినోఫిల్స్ మాయమైతయ్. ముఖం ఉబ్బుతది. జెరం పైకి రాదు, నొప్పి తెలవది. క్రిములకు గది పండుగ. కానీ ఏ గోలీ లేదంటుందే!" అన్నారు.

లేదనే అన్నది. కేసు షీట్ నింపింది నేనే. నా దగ్గర మూడు గళ్ళున్నాయి, గోలీలు, సూదులు, టానిక్‌లు. మూడూ అడిగాను. మూడింటికీ "లేదు బిడ్డా" అన్నది. మూడు గళ్ళలోనూ అడ్డగీత గీశాను.

"రోజూ పొద్దున రక్తం తీసేది నువ్వే కదా శ్రీకాంత్. మాటల్ల మాటగ అడుగు. దొరికితే నాకు చెప్పు" అని మేడమ్ ఆమెను ఆ రోజే వార్డులో చేర్పించి, సెలైన్‌లో ఎక్కించే మందులు మొదలుపెట్టించారు.

మంగళవారం ఉదయం ఏడింటికి పరగడుపు షుగర్ కోసం వెళ్ళాను. నర్సుబాయి మంచం మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది. పక్కన ఖాళీ స్టీలు గ్లాసు.

"ఏమన్న తిన్నవా అమ్మా?"

"తినలే."

"తాగినవా?"

"ఏం తాగలే. గా పొడి తప్ప."

"ఏం పొడి?"

లావణ్య మంచం కింది సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. లేబుల్ లేదు. లేత గోధుమరంగు పొడి. మోకాళ్ళ నొప్పులకు రెండేళ్ళ కింద అంగట్లో ఒక వ్యాను దగ్గర కొన్నారట. వాళ్ళ వాడలో సగం మంది కొన్నారట. రోజూ ఒక చెంచా, వేడి పాలలో.

"చెట్ల వేర్లు బిడ్డా, గోలీ కాదు" అంది నర్సుబాయి. "గది తాగినంకనే గదా నేను మళ్ళ చేన్లకు పోయింది. గంతకు ముందు బాత్రూంకు కూడా పట్టుకొని పోయేటోళ్ళు. ఒళ్ళు కూడ చేసిన. మొన్న దావత్‌ల అందరూ నిగనిగలాడుతున్నవన్నరు."

నోట్‌బుక్‌లో విడివిడిగా ఉన్న ఐదూ నా తలలో ఒక్కసారి కలిశాయి. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. లావణ్యను వరండాలోకి పిలిచాను.

"అక్కా, గీ పొడిల స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. పుండు మానకపోవడానికి గిదే కారణం. ఇయ్యాల్టి నుంచి ఒక్క చెంచా కూడ ఇయ్యొద్దు. పారెయ్యి."

ఆమె అప్పటికప్పుడే వెళ్ళి దవాఖాన వెనక మురికినీళ్ళ మోరీలో డబ్బా బోర్లించింది. "రెండేండ్ల సంది నా చేతులతోనే కలిపిచ్చినన్నా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మేడమ్‌కు ఫోన్ చేయలేదు. ఎందుకు చేయలేదో దాచకుండా రాస్తాను. శుక్రవారం ఆమె వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి నా నోటితో చెప్పాలనుకున్నాను. కనిపెట్టింది నేను కదా అని.

బుధవారం నర్సుబాయి అన్నం సగం వదిలేసింది. నీరసం అంది. గురువారం పొద్దున రక్తం తీసి పలక మీద పరిచి చూస్తే ఎర్రగింజల సంచులు కనబడ్డాయి. ఒకటి, రెండు, మూడు... వందలో ఏడు. నాకు పండగే. సున్నా పోయి ఏడు వచ్చిందంటే స్టెరాయిడ్ దిగిపోయింది, ఒళ్ళు తేరుకుంటోంది అనుకున్నాను. వార్డుకు వెళ్ళి, "అమ్మా, నీ రక్తం మంచిగైతుంది" అని కూడా చెప్పాను. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది.

మధ్యాహ్నం వాంతులు. మూడింటికల్లా బీపీ ఎనభై బై యాభై. పిలిస్తే పలకడం లేదు. డ్యూటీ డాక్టరు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని సెలైన్ వేగం పెంచారు. బీపీ లేవలేదు. నా మిషన్ మీద సోడియం నూట పంతొమ్మిది వచ్చింది, నూట ముప్పై ఐదుకు తగ్గకూడనిది. షుగర్ యాభై ఆరు. మొన్నటిదాకా ఎక్కువున్న షుగర్ అది. రెండోసారి చేశాను. అవే అంకెలు. నాకు ఏమీ అర్థం కాలేదు. కారణం తీసేశాం. క్రిమికి మందు వెళ్తోంది. ఏడు కనబడింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మనిషి మాత్రం పోతోంది.

వరండాలో లావణ్య నా చొక్కా పట్టుకుంది. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేస్తిని. ఏమైతుందన్నా?"

అప్పుడు ఫోన్ చేశాను. అంకెలన్నీ చెప్పాను. ఏడు కూడా చెప్పాను.

మేడమ్ గొంతు మారింది. "గంత సీరియస్‌గ ఉన్న మనిషికి ఇయోసినోఫిల్స్ ఏడెందుకు ఉంటయ్? ఏదన్న ఆపిన్రా?"

"పొడి మేడమ్. మంగళవారం దొరికింది."

"ఎవరు ఆపుమన్నరు?"

"నేనే."

మేడమ్ వెంటనే, "ఒక ట్యూబ్ రక్తం తీసి పక్కన పెట్టు, కార్టిసోల్‌కు పంపుదాం. ఫోన్ డ్యూటీ డాక్టర్‌కు ఇయ్యి. హైడ్రోకార్టిసోన్ వంద, ఇప్పుడే" అన్నారు.

హైడ్రోకార్టిసోన్ కూడా స్టెరాయిడే. మోరీలో పోయించినదాన్నే సిరంజిలో ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. గ్లూకోజు కలిపిన సెలైన్ కూడా పెట్టారు. గంట దాటాక బీపీ వంద. చీకటి పడే వేళకు నర్సుబాయి కళ్ళు తెరిచి, "లావణ్యా, గేదెకు నీళ్ళు పెట్టిన్రా?" అని అడిగింది.

శుక్రవారం మేడమ్ నన్ను తిట్టలేదు. కుర్చీ చూపించారు. "మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటయ్. ఒంటికి కావల్సిన స్టెరాయిడ్‌ను రోజూ అవే తయారు చేస్తయ్. బీపీని, షుగర్‌ను పడిపోకుండ పట్టేది గదే. ఇన్ఫెక్షన్ వస్తే ఇంకా ఎక్కువ కావాలె. రెండేండ్లు బయటి నుంచి పోస్తుంటే అవి పండుకుంటయ్. కాలువ నీళ్ళొస్తున్నయని రెండేండ్లు బావి మోటర్ ముట్టుకోకుంటే తుప్పు పడతదా లేదా? ఒక్కరోజుల తూము మూస్తే చేను ఏం కావాలె?"

"అయితే పొడి ఇస్తే క్రిమి పెరుగుతుంది, ఆపితే మనిషి పోతుంది. ఏం చెయ్యాలి మేడమ్?"

"మెల్లగ మూయాలె. లెక్క తెలిసిన గోలీ మీద పెట్టి నెలలకొద్ది తగ్గించుకుంట రావాలె. గా ఏడు నీకు శుభవార్త కాదు శ్రీకాంత్. మోటర్ నడుస్తలేదని చెప్పింది."

ఒళ్ళు సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ పేరే కార్టిసోల్. రెండు రోజులకు వచ్చిన దాని రిపోర్టు ఆమె మాటనే రుజువు చేసింది. పొడిలో ఏముందో మాత్రం నేను ఎప్పటికీ రుజువు చేయలేను. పరీక్షకు పంపడానికి చిటికెడు కూడా మిగల్చలేదు.

లావణ్యకు, నర్సుబాయికి నేనే చెప్పాను, తప్పు నాదని, డాక్టర్‌ను అడగకుండా ఆపించానని. నర్సుబాయి అన్నది, "నువ్వే పారెయ్యమంటివి, నువ్వే ఎక్కియ్యవడితివి. గింత చదువుకొని నువ్వే గిట్ల ఆగమైతే నాకేం సమజైతది?"

క్రిమికి ఆరు నెలల గోలీలు. స్టెరాయిడ్‌కు వారం వారం తగ్గే గోలీలు. రెండింటికీ ఒకే పట్టిక గీసి ఇచ్చాను. జ్వరమో వాంతులో వస్తే గోలీ ఆపకుండా వెంటనే రావాలని అడుగున మేడమ్ ఎర్రసిరాతో రాశారు. ఆ సంవత్సరం పసుపు లావణ్యే ఉడకబెట్టించింది. వానాకాలం మధ్యకు వచ్చేసరికి పుండు మూసుకుని, పిక్క మీద సన్నటి గీత మిగిలింది. ముఖం పాత ముఖమైంది. మోకాళ్ళ నొప్పులు కూడా తిరిగి వచ్చాయి.

ఆగస్టులో చివరి పరీక్షకు కర్ర పట్టుకుని వచ్చింది. సూది గుచ్చుతుంటే అడిగింది, "ఒక్క మాట చెప్పు బిడ్డా. గా పొడి మంచిదా, చెడ్డదా? నన్ను నడిపిచ్చింది గదే. పండవెట్టింది గదే. లేపింది గసొంటిదే అంటిరి."

దీనికి జవాబు ఈ రోజుకీ ఒక్క మాటలో రాదు. మన ఒంటి కాపలా బలంగా ఉందా, బలహీనంగా ఉందా అనే రెండు గళ్ళతో నేను చదువుకున్నాను. ఆ కాపలాను నిద్రపుచ్చేది, మనిషిని నిలబెట్టేది ఒకే పదార్థమైతే దాన్ని ఏ గడిలో రాయాలి? నా కేసు షీటులో ఆ మూడు గళ్ళను కొట్టేసి, ఒక్క ప్రశ్న రాసుకున్నాను: లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి ఏమేం పోతాయి? జవాబు వచ్చాక ఏం చేయాలో చెప్పే పని నాది కాదని దాని కిందే రాసుకున్నాను.

ఆమె రక్తాన్ని పలక మీద పరిచాను. వందలో మూడు. మళ్ళీ లెక్కపెట్టాను, మూడే. బయట బెంచీ మీద కూర్చున్న నర్సుబాయి కిటికీలోంచి తొంగి చూసి, "ఏమొచ్చింది? మళ్ళ ఏమన్న పారెయ్యమంటవా?" అని కేకేసింది.

"జర ఆగమ్మా" అన్నాను. ముందు మేడమ్‌కు ఫోన్ చేశాను.