నాన్న నెత్తిమీద మొదటి కత్తెర

మా బళ్ళో ఆ పిల్లని అందరూ మైకు అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. పొద్దున్నే ప్రార్థన చెప్పడానికి ఆమెని నిలబెడితే, రోడ్డవతల పంక్చర్లు వేసే అతను కూడా పని ఆపి నిటారుగా నిలబడేవాడు. నా లెక్కల క్లాసులో ఎప్పుడూ ముందు వరసే. కాకపోతే జ్యామెట్రీ బాక్సు తెరిస్తే వృత్తలేఖిని ఉండాల్సిన చోట కత్తెర ఉండేది. అన్నం బెల్లు కొడితే చాలు, కుళాయిల దగ్గర దుకాణం పెట్టేసేది. ఒకసారి స్నేహితురాలికి సగం తల కత్తిరించేసరికి క్లాసు బెల్లు మోగింది. ఆ స్నేహితురాలు సోషల్ పీరియడంతా ఒక పక్క మహారాణిలా, ఇంకో పక్క దెబ్బలాటలోంచి పారిపోయి వచ్చినదానిలా కూర్చుంది. హెడ్మాస్టరు విచారణ చేద్దామని ఊపుగా వచ్చి, ఆ తల చూసి, "మిగతా సగం కూడా కానిచ్చెయ్ తల్లీ, చూళ్ళేకపోతున్నా" అని లాక్కున్న కత్తెర మళ్ళీ చేతికిచ్చేశాడు.

ఇంటర్ ముగిసింది. మార్కులు దండిగా వచ్చాయి. యూనివర్సిటీలో సీటూ వచ్చింది. మైకు మాత్రం, "నేను వెళ్ళను. మలుపులో సెలూన్లో పనికి చేరతాను" అంది.

తండ్రి కరెంటాఫీసులో గుమాస్తా. కూతురి సీటు సంగతి ఆఫీసులో అందరికీ చెప్పి, విన్నవాళ్ళని కూడా ఆపి రెండోసారి చెప్పిన మనిషి. లబోదిబోమంటూ నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీరొచ్చి దానికి నాలుగు చివాట్లు పెట్టండి." రిటైరయ్యాక నేను ఎవరూ పిలవకపోయినా పక్కవాళ్ళ గొడవల్లోకి దూరే రకాన్ని. పిలిస్తే ఆగుతానా? చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాను.

ఇక్కడ గుమాస్తాగారి జుట్టు గురించి చెప్పకపోతే కథ నడవదు. ఆయనకి నడినెత్తిన ఏమీ లేదు. చెవుల పైన మాత్రం కాసిని వెంట్రుకలున్నాయి. ఎడమవైపువాటిని మూరెడు పెంచి, నూనె రాసి, నెత్తి మీదుగా కుడి చెవిదాకా పరిచేవాడు. కిటికీకి కర్టెన్ వేసినట్టన్నమాట. చూసే ప్రతివాడికీ తెలుసు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు.

నేను వెళ్ళేసరికి తండ్రీకూతుళ్ళు హాల్లో కోడిపుంజుల్లా ఉన్నారు.

"డిగ్రీ ఉంటే నలుగురిలో గౌరవం ఉంటుందే!"

"నీకుందిగా నాన్నా డిగ్రీ. మీ సారు నిన్ను 'ఏయ్' అని పిలుస్తాడని నువ్వేగా చెప్పావు?"

"చూశారా మాస్టారూ దాని నోరు!"

చూశాను. నవ్వొచ్చింది కూడా. దగ్గుతో కప్పేశాను. నాలుగు చివాట్లు పెడదామని వచ్చానా, ఒకటి కూడా గుర్తు రాలేదు. "అసలు సెలూన్ ఆవిడ నిన్ను తీసుకుంటానందా?" అని మాత్రం అడిగాను.

"ఓ పరీక్ష పెట్టింది మాస్టారూ. ఈ పనిలోకి వద్దని ఎవరు ఎక్కువ గోల చేస్తున్నారో వాళ్ళని తీసుకొచ్చి, వాళ్ళ తల మీదే మొదటి కత్తెర పెట్టమంది. వాళ్ళని కూర్చోబెట్టగలిగితే ఎవరినైనా కూర్చోబెట్టగలనట."

నేనూ, మైకూ, వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లీ గుమాస్తాగారి తలవైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాం.

ఆయన కాసేపు ఆలోచించాడు. కళ్ళు మెరిశాయి. "సరే, వస్తాను. అద్దంలో చూసుకుని నేను బాగుందంటే నీ ఇష్టం. బాగాలేదంటే నోరు మూసుకుని కాలేజీకి. మాస్టారే సాక్షి."

"సరే" అంది మైకు. ఆయన బాగుందని ఎందుకంటాడు? తీర్పు తన నోట్లోనే ఉందాయె!

మర్నాడు సెలూన్‌కి మేం నలుగురం వెళ్ళాం. తల్లి కూరల సంచీతో సహా వచ్చింది. సెలూన్ ఆవిడ దిట్టమైన మనిషి. గుమాస్తాగారిని కుర్చీలోకి దాదాపు నెట్టి, "అమ్మాయ్, కుర్చీలో కూర్చున్నాక నాన్న లేడు, కస్టమరే" అంది.

మైకు ఆయన మెడకి గుడ్డ కట్టింది. "ఎలా కావాలండీ?"

"అండీ ఏమిటే, కొత్తగా! చివర్లు తియ్యి చాలు."

చివర్లు తీస్తే గొడవే లేదు. ఆయనకీ కష్టం ఉండదు, ఏమో, బాగుందన్నా అనొచ్చు. నేను మనసులో 'చివర్లే తియ్యవే తల్లీ' అని మొక్కుకుంటున్నాను. మైకు దువ్వెన తీసి ఆ పొడుగు వెంట్రుకల కింద పెట్టి ఆగింది. ఆ గొంతు అంత నెమ్మదిగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"నాన్నా, ఇవి తీసేస్తే బావుంటుంది."

"ఏవి?"

"ఇవే."

"ఏవే?"

సెలూన్ ఆవిడ పైకప్పు చూసింది. నేను గోడ మీది షాంపూ బొమ్మ చూశాను. ఇంతలో వెనక బెంచీ మీంచి తల్లి అంది: "తీయించుకోండి. గాలేస్తే మీ చెయ్యొకటి నెత్తిమీదే ఉంటుంది. సంచులన్నీ మోసేది నేనే!"

"నీకూ తెలుసా?" అన్నాడాయన, దొంగతనం బయటపడ్డవాడిలా.

"పెళ్ళాన్నండీ నేను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "కానియ్" అన్నాడు.

మైకు కత్తిరించింది. మూరెడు వెంట్రుకలు గుడ్డ మీద పడ్డాయి. తర్వాత మిషన్ పెట్టింది. బాగానే చేస్తోంది అనుకుంటుండగా కుడి చెవి పైన చెయ్యి జారింది. రూపాయి బిళ్ళంత గొయ్యి. సెలూన్ ఆవిడ "ప్చ్" అంది. మైకు మొహం పాలిపోయింది.

"ఇక్కడ ఎక్కువ తీసేశాను. నా తప్పే" అని, వెనక అద్దం పట్టి ఆ గొయ్యే ముందు చూపించింది.

గుమాస్తాగారు కళ్ళు తెరిచాడు. ముందు గొయ్యి చూడలేదు. నెత్తిమీద అరచెయ్యి పెట్టి, ముందునుంచి వెనక్కి నిమిరాడు. మళ్ళీ నిమిరాడు.

"ఇంత చిన్నదా నా తల?"

"అంతే నాన్నా."

"బానే ఉన్నారు" అంది తల్లి. అంతలోనే సిగ్గుపడింది.

"అన్నయ్యగారూ, తేల్చి చెప్పండి" అంది సెలూన్ ఆవిడ. "బాగుందా, బాగాలేదా?"

ఆయన గొయ్యి మీద వేలు పెట్టాడు. కూతుర్ని అద్దంలోంచే చూశాడు. మైకు దువ్వెన రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"బాగాలేదు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఏం చెయ్యడానికో నాకే తెలీదు.

"ఏం బాగు? ఇంత గొయ్యి పెట్టుకుని నేను ఆఫీసుకెలా పోతాను? ఇది పూడేదాకా ఎవరు చూస్తారు, ఆ యూనివర్సిటీ వాళ్ళొచ్చి చూస్తారా? చెడగొట్టినదానివి నువ్వే సరిచెయ్యాలి. ఇక్కడే ఉండి ఏడువు."

సెలూన్ ఆవిడకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. నాకు ఇంకా ఆలస్యమైంది. తల్లికి మాత్రం ముందే తెలిసినట్టుంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

ఆయన కుర్చీలోంచి కదల్లేదు. అద్దంలో ఆ పక్కకీ ఈ పక్కకీ తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు. మైకు గుడ్డ విప్పి, బయటికి తీసుకెళ్ళి గట్టిగా దులిపి వచ్చింది. ఈలోగా బెంచీ మీద ఇద్దరు కస్టమర్లు చేరారు.

"ఇక లే నాన్నా" అంది, వీధంతా వినబడేలా. "వెనక మనుషులున్నారు."