బోనిఫేస్ కట్టుకున్న సరస్సు ఒడ్డు

మిషన్ బడిలో ఏడో తరగతితో చదువు ఆపి, ఎండోలా విమానాశ్రయంలో హెడ్ మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి నేను, లెవీ జీరేని. నా చేయి పడ్డ ఇంజను గాల్లో ఆగిన దాఖలా లేదు. ఇద్దరు మంత్రులు నన్ను పేరు పెట్టి పిలిచారు. నేను మెచ్చుకున్న పైలట్లు మాత్రం తక్కువ. బోనిఫేస్ కపెంబ్వా వాళ్లలో ఒకడు.

అతను బెంబా, నేను ఎన్‌గోని. తాతల నాడు కొట్టుకున్న తెగలు మావి. ఇప్పుడు మిగిలింది వెటకారమే: వాళ్లు కోతులు తింటారని మేం, మేం ఎలుకలు తింటామని వాళ్లు. చావింట్లో కూడా ఒకరినొకరు ఎగతాళి చేసి ఏడ్చేవాళ్లను నవ్వించాలి. అది మా బాధ్యత.

బోనిఫేస్ బంగ్వేలు సరస్సు చుట్టూ మట్టి రన్‌వేల మీద మందులు, రోగులను మోసేవాడు. సరస్సు ఒడ్డున ఒకచోట రన్‌వే పక్కనే క్లినిక్. అందులో నర్సు ఫెలిస్తాస్. గాలి ఎటు వీస్తోందో అతనికి తెలియడానికి తాను నడుముకు చుట్టుకునే ఎర్ర చితెంగే గుడ్డను కర్రకు కట్టేది. ఆమెనే పెళ్లాడాడు. తర్వాత గుండెజబ్బని అతని లైసెన్సు తీసేశారు. ఆమె చనిపోయింది. ఆ క్లినిక్‌ను వరద తీసుకుపోయింది.

అప్పటి నుంచి కంప్యూటర్లో సిమ్యులేటర్ మీదే అతని ఎగరడం. అందులో ఆ ఒడ్డు ఉత్త పచ్చిక. ఏళ్ల తరబడి కూర్చుని క్లినిక్, రేకుల కప్పు, కర్ర మీద ఎర్ర గుడ్డ అన్నీ అక్కడ కట్టుకున్నాడు. ఫోటో ఒక్కటీ లేదు, గుర్తున్నదే కొలత. కానీ అవన్నీ డిస్కు నుంచి ఒక్కసారిగా రావాలి కాబట్టి, సరిగ్గా నేల తాకే వేళకు బొమ్మ కుదుపులు పడేది.

"ఏంటి కోతిమాంసం బావా, ఇంకా దిగలేదా?" అనేవాణ్ణి.

"నీ ఎలుకలు వేగనీ, దిగుతా."

పాత డిస్కు చెడిపోవడానికి సిద్ధంగా ఉందని కొత్తది కొన్నాడు. దాంట్లో ఫైళ్లను ఏ పద్ధతిలో సర్దాలన్నది ముందే తేల్చుకోవాలి.

"రెండు దార్లున్నాయి బావా. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఏ మార్పయినా ముందు చిట్టాలో రాసుకుని అప్పుడు చేస్తుంది. మధ్యలో ఆగినా చిట్టా చూసి సర్దుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ గొడవ లేదు, తేలిక. నార్వేలో ఒకాయన పరీక్షించి రాశాడు, కుదుపు తగ్గుతుందట."

"లాగ్‌బుక్ లేని విమానం ఎక్కుతావా?"

"బరువు తగ్గితే బాగా ఎగురుతుందని నువ్వేగా అంటావు!"

అదీ నిజమే అన్నాను. తేలికదే పెట్టాడు. కుదుపు తగ్గిందన్నాడు. నా కంటికి తేడా కనబడలేదు. పాత డిస్కు ఆ వారమే చచ్చిపోయింది.

నార్వే ఆయన ఇంట్లో కరెంటు పోదు. మాకు వంతులవారీగా పోతుంది. ఒక మధ్యాహ్నం, వంతు కాని వేళ, బోనిఫేస్ రేకుల కప్పు రంగు మార్చి సేవ్ చేస్తుండగా పోయింది. బ్యాటరీ పెట్టె ఎప్పుడో ఉబ్బి మూలన పడింది. కరెంటు వచ్చాక చూస్తే డిస్కులో ఆ ఒడ్డు ఉన్న ఫోల్డర్ లేదు. ఊళ్లో ఫైళ్లు తిరిగి రాబట్టేవాళ్లకు చూపించాడు. ముక్కలు దొరికాయి కానీ అవి తెరుచుకోలేదు.

కబురు విని వెళ్లాను. గుమ్మంలోనే నా ధర్మం నేను చేశాను.

"ఏంట్రా కోతీ, కొమ్మ విరిగిందా?"

ఎలుకల మాట రాలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. మొక్కజొన్న ముద్ద, ఎన్‌షీమా, తిన్నావా అని అడిగాడు. డిస్కు మొత్తం తుడిచి ఈసారి ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టి, సిమ్యులేటర్ మళ్లీ ఎక్కించాడు. ఇదంతా ఎవరి పనో చేస్తున్నట్టు చేశాడు.

"దిగు, చూద్దాం" అన్నాను.

సరస్సు మీదుగా తిప్పి తీసుకొచ్చాడు. కింద పచ్చిక, అంతే. చక్రాలు ఆనినట్టే తెలియలేదు. నలభై ఏళ్లు విమానాలు చూసినవాణ్ణి చెబుతున్నాను, అంత మెత్తగా దిగడం నేను చూడలేదు.

"కుదుపు లేదు" అన్నాడు.

"లేదు. గాలి ఎటుంది బావా?"

తెర మీద ఆ కర్ర ఉండాల్సిన చోట వెతికాడు.

"తెలీదు" అని ఇంజను ఆపేశాడు.