ట్యాంకుల ఆటలో అరటిపండు

నలభై అయిదో ఏట నాకు వీడియో గేముల పిచ్చి పట్టుకుంది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం గద్వాలకు పోయి ఏం చేస్తారు మేడం అని అడిగితే, అన్నను చూసి వస్తానంటాను. అది నిజమే. అన్న పక్కన చాప మీద కూర్చుని రెండు గంటలు ట్యాంకులు పేలుస్తానని చెబితే మాత్రం వనపర్తిలో నా పరువు మిగలదు.

మా అన్న నేతగాడు. నిరుడు వానాకాలంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే చేతిలోంచి బ్రష్ జారిపోయింది. పక్షవాతం. కాలు తొందరగానే కోలుకుంది. మాట కొన్నాళ్లు ముద్దగా వచ్చి సర్దుకుంది. కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. దవాఖానలో వ్యాయామం నేర్పే అమ్మాయి మెత్తటి బంతి ఒకటి ఇచ్చి రోజూ పిసకమంది. అన్న రెండు రోజులు పిసికి, మూడో రోజు దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు.

"గిదేం పని? పసిపిల్లలకు ఇచ్చినట్లు బంతి ఇచ్చిండ్రు," అన్నాడు.

ఆ అమ్మాయి ఓపిక గలది. "మీకు ఇష్టమైంది ఏదన్న చెయ్యుండ్రి. వేళ్లు కదలాలె, అంతే," అంది. ఆయనకు ఇష్టమైంది మగ్గం ఒక్కటే. మగ్గం ఎక్కాలంటే చెయ్యి రావాలి, చెయ్యి రావాలంటే ఇష్టమైన పని చెయ్యాలి. ఈ చిక్కులో రెండు నెలలు గడిచిపోయాయి.

అప్పుడు నాగర్‌కర్నూల్‌లో చుట్టాల పెళ్లికి పోయి, బజారులో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల షాపు అద్దం వెనక ఆ డబ్బాను చూశాను. పాత ఆటలన్నీ లోపలే ఉంటాయట, క్యాసెట్ అక్కర్లేదట. రెండు రిమోట్లు, టీవీకి పెట్టుకునే ఒక వైరు. పెళ్లిలో పెట్టాల్సిన చీర కవరు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో గద్వాల బస్టాండు దగ్గర ఒకాయన ఇట్లాంటి డబ్బానే కిరాయికి ఇచ్చేవాడు. పసుపు రంగు క్యాసెట్ మీద వేల ఆటలున్నాయని రాసి ఉండేది. పెట్టి చూస్తే ఏడెనిమిది ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊదేవాళ్లం. ఊదితే ఎందుకు వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కొని తెచ్చిన డబ్బా చూడగానే అన్న మొహం వెలిగింది. "సెల్లె, పిట్ట ఆట ఉందా?" అని అడిగాడు. మేము పెట్టుకున్న పేరది. తెర కింద ఇటుకల గోడ మధ్య ఒక పిట్ట ఉంటుంది. పైనుంచి ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి, మొత్తం ఇరవై దిగుతాయి. మన ఇద్దరి ట్యాంకులు వాటిని కొడుతూ పిట్టను కాపాడాలి. ఇరవై అయిపోగానే ఆట ఆగి, ఎవరెన్ని కొట్టారో రెండు వరుసల్లో చూపిస్తుంది.

ముప్పై ఏళ్ల తర్వాత ఆడితే నాకు ముందుగా తోచింది, ఇది ఎంత బీద ఆటో అని. నాలుగు రంగులు, గీపెట్టే చప్పుడు, ఇటుకలు తప్ప ఊరూ లేదు, చెట్టూ లేదు. అన్నకు అట్లా తోచలేదు. "ఇది గళ్ల కాగితం మీద గీసినట్లే ఉంది చూడు. మన నెమలి బుటా గీసినట్లు గీసిండ్రు," అన్నాడు. నేతకు బుటా గీసేది గళ్ల కాగితం మీదే. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ ఆట తయారుచేసినవాళ్లు ఎక్కడివాళ్లో గానీ, వాళ్ల పని మా అన్నకు అర్థమైనంతగా నాకు కాలేదు.

ఎడమ బొటనవేలితో ట్యాంకును నడపాలి, కుడి బొటనవేలితో గుండు కొట్టాలి. మొదటి రోజు ఆయన వేలు మీటను తాకేలోపు ట్యాంకు పేలిపోయేది. ఆయన పళ్లు బిగబట్టి ఆడుతుంటే చూడలేకపోయాను. రెండో ఆటలోనే నేను వెనక్కి తగ్గాను. గట్టి ట్యాంకులను నేను కొట్టి, నెమ్మదిగా వచ్చేవాటిని ఆయన ముందుకు వదిలాను. ఆయన ఎదుటి ఇటుకలు నేనే పగలగొట్టి దారి చేశాను. గుండు తప్పి గోడకు తగిలినట్లు నటించాను. లెక్క చూపించే తెర మీద ఆయన అంకె నా అంకెను దాటింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోసం ఎన్ని ఆదివారాలైనా ఓడిపోవచ్చు అనిపించింది.

మాకిది కొత్త విద్య కాదు. దాగుడుమూతల్లో చిన్నపిల్ల మారాం చేస్తే చేర్చుకుంటాం. దొరికినా అవుట్ కాదు, దొంగ కావాల్సిన పని లేదు. ఆటలో అరటిపండు అంటాం. పాత రోజుల్లో ఆ పిట్ట ఆటలో అరటిపండును నేనే. చివరి ట్యాంకును అన్న ఎప్పుడూ నాకే వదిలేవాడు. నాకు తెలిసేది, తెలిసినా ముద్దుగా ఉండేది. అదే అప్పు తీరుస్తున్నాననుకున్నాను.

ఇంట్లో మాత్రం డిగ్రీ చదివే మా అమ్మాయి నన్ను వేరే లోకంలోకి దించింది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఆడే ఆటలో ఒక గుర్రం, ఒక కత్తి, చూసినంత మేర కొండలు. ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు. మొదటి గంటంతా నేను ఏ పనీ చెయ్యలేదు. వాన పడుతుంటే గడ్డి వంగడం చూస్తూ నిలబడ్డాను. గుర్రం ఒళ్లు తడిసి మెరిసింది. నా ఉద్యోగంలో ఇన్నేళ్లలో ఒక్క రోజు ఇట్లా ఊరికే నిలబడింది లేదు. ఇంత శ్రద్ధగా గడ్డిపోచలు గీసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది. పాత ఆటలో నిలబడితే చస్తాం. ఇందులో నిలబడితే సాయంత్రమవుతుంది.

ఆ తర్వాత ఒక వంతెన దగ్గర ఒక రాక్షసుడు నన్ను పట్టుకున్నాడు. పది పన్నెండు సార్లు చంపాడు. నాకు పంతం ఎక్కువ, అన్నం మాడినా లేవలేదు. ఎట్టకేలకు వాణ్ణి పడగొట్టి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా అమ్మాయి మంచం మీద పడుకుని నవ్వుతోంది.

"నువ్వు మస్తు సార్లు సచ్చినవ్ కదమ్మా. గందుకే గేమే వాని బలం జర తగ్గించింది. గట్ల సెట్టింగ్ ఉంటది."

"నన్నడగకుండనా?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటవా?"

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ల్యాప్‌టాప్ మూసి మాడిన గిన్నె తోమడానికి పోయాను. కాసేపు ముందు నాదనుకున్న గెలుపు నాది కాదు. ఆ బీద పాత ఆట నన్ను వందసార్లు చంపి ఉంటుంది గానీ ఒక్కసారీ ఇట్లా మోసం చెయ్యలేదు. గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయాను. ఆ పాత ఆట చెయ్యని పని అన్నకు నేను చేస్తున్నాను.

ఆ ఆదివారం అన్నకు చెప్పేద్దామని బస్సెక్కాను. కృష్ణ వంతెన దాకా ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను, ఎర్రవల్లి చౌరస్తా వచ్చేసరికి చెప్పకపోతే ఏం పోతుందని ఆలోచించాను. గద్వాలలో దిగేసరికి చెప్పొద్దనే నిర్ణయించుకున్నాను. నా నిర్ణయాలు ఎప్పుడూ ఇంతే గట్టివి.

ఇంట్లో అడుగుపెడితే టీవీ ముందు ఎవరూ లేరు. నెలల తరబడి దుప్పటి కప్పి ఉంచిన మగ్గం మీద కొత్త పడుగు ఎక్కి ఉంది. వదినె వంగి, నేసిన జానెడు బట్టలోంచి పోగులు ఒక్కొక్కటే వెనక్కి తీస్తోంది. అన్న పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"చెయ్యి మంచిగైందని సావుకారుతోని చెప్పి పెండ్లి చీర పడుగు తెచ్చుకున్నడు మీ అన్న," అంది వదినె, తల ఎత్తకుండా. "ఇది మూడోసారి ఇప్పుడు. పట్టు పోగులు నలిగిపోతున్నయి. పడుగు పాడైతే సావుకారు మళ్ల ఇయ్యడు."

అన్న తన కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "ఆటల మంచిగనే కొడుతున్న గద సెల్లె. మగ్గం మీదికి రాంగనే ఏమైతుందో తెల్వదు. నాడె ఇసిరితే సగం దాకనే పోతుంది." పడుగులో అడ్డపోగును అటూ ఇటూ మోసేది నాడె.

ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. తన చెయ్యి తనకే అర్థం కాని మనిషి భయం. ఆ భయం నేను పెట్టింది.

"అన్నా, ఆటల నువ్వు గెలువలే. నేనే ఇడిసిపెట్టిన," అన్నాను.

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది."

వదినె చేతులు ఆగాయి. అన్న తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"నిన్ను అరటిపండును చేసినప్పుడు నువ్వు పన్నెండేండ్ల పిల్లవు," అన్నాడు. "నీకు ఆట తప్ప పోయేదేం లేకుండె. నాకు చెయ్యి కావాలె. అదెంత వచ్చిందో, ఎంత రాలేదో నాకు తెల్వాలె గద."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన లేచి పోయి టీవీ పెట్టాడు, రెండో రిమోట్ నా వైపు తోశాడు. "ఇప్పుడు సక్కగ ఆడు," అన్నాడు.

సక్కగా ఆడాను. ఒక్క ట్యాంకును కూడా వదల్లేదు. ఆయన బొటనవేలు మీట మీద తడబడుతుంటే కళ్ల కొసలో కనిపిస్తూనే ఉంది, చూడనట్లు కొట్టాను. నా జన్మలో అంత కష్టపడి ఏ ఆటా ఆడలేదు. తెర మీద లెక్క వచ్చింది. నాది పదహారు, ఆయనది నాలుగు.

అన్న ఆ నాలుగు వైపు తేరిపార చూశాడు. "గిది నా చెయ్యి," అన్నాడు. అందులో బాధ ఉంది గానీ, ఇందాకటి అయోమయం లేదు.

మంగళవారం దవాఖానకు పోయి వ్యాయామం నేర్పే అమ్మాయికి ఉన్నదున్నట్లు చెప్పాడట. ఆమె మళ్లీ మొదటి నుంచి వ్యాయామం రాసిచ్చింది. బంతి మంచం కింది నుంచి బయటికి వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం నేను పోయేసరికి మగ్గం ఆడుతున్న చప్పుడు వీధిలోకి వినిపించింది. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు పోగులూ ఒకదానితో ఒకటి మెలివేసుకుంటేనే అంచు ఒంటికి అతుకుతుంది. దాన్ని కుట్టు అంటాం. అందుకని మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పెద్ద నాడె వేసే అసలు నేతగాడు మధ్యలో కూర్చుంటాడు. అంచుకు చిన్న నాడె అందించే మనిషి పక్కన కూర్చుంటుంది. ఇరవై ఏళ్లుగా మధ్యలో అన్న, పక్కన వదినె.

ఆ రోజు మధ్యలో వదినె కూర్చుంది. పక్కన అన్న, ఎడమ చేతిలో చిన్న నాడె పట్టుకుని, కుడి చేత్తో పోగును నొక్కిపట్టే ప్రయత్నం చేస్తున్నాడు. గడపలోనే ఆగిపోయాను. ఇద్దరూ నన్ను చూడలేదు.

"వదులైంది, తియ్యి," అంది వదినె.

ఆయన తీసి మళ్లీ వేశాడు.

"ఇంక వదులే ఉంది. తియ్యి."

మళ్లీ తీశాడు. ఆయన మెడ మీద చెమట పట్టింది. ఒక్కసారి సరేనని ముందుకు పోతే ఏం, ఎవరికి కనిపిస్తుంది అని నా నోటిదాకా వచ్చింది. వదినె పెద్ద నాడెను ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆమెకు ఉన్న గుండె నాకు లేదని అప్పుడు ఒప్పుకున్నాను. అయిదోసారి కూడా తియ్యమంది. ఆరోసారి పోగు బిగిసి, అంచు ఒంటికి అతికింది. ఆమె బాగుందని అనలేదు. పెద్ద నాడె విసిరి, తర్వాతి పోగు కోసం ఆయన వైపు చూసింది.