పొట్లం కాగితంలో మూడు గుండెలు

జిరాఫీ మెడలో ఎముకలు ఏడే. మన మెడలోనూ ఏడే. ఈ సంగతి నాకు ఎందుకూ పనికిరాదు. జిరాఫీని నేను చూడలేదు, ఇక చూడబోను. అయినా అది నా తలలో దిగబడి కూర్చుంది. మా ఆయన పోయిన రోజు ఒంటి మీద ఏ చొక్కా ఉందో మాత్రం గుర్తు రాదు. కళ్ళు మూసుకుంటే తెల్లగా ఏదో కనబడుతుంది గాని, అది చొక్కానో దుప్పటో చెప్పలేను.

ఈ చెత్తంతా నాకు పొట్లం కాగితాల్లోంచి వచ్చింది. నేను అక్షరాలు నేర్చింది తల నెరిశాక. ఊళ్ళో పెద్దవాళ్ళకి సాయంత్రాలు చదువు చెప్పడానికి ఒక పంతులమ్మ వచ్చేది, పొలం పని అయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. చిన్నప్పుడే నేర్చినవాళ్ళకి అక్షరం కంటికి ఆనదు. నాకలా కాదు. కనబడితే చదవకుండా వదలలేను. సబ్బు మీదిది, బస్సు వెనకాలది, మందు సీసా మీదిది, అన్నీ కూడబలుక్కుంటాను. శృంగవరపుకోట సంతకి వెళ్ళినప్పుడల్లా వేరుశనగ పలుకుల పొట్లం కొని, తినడం అయ్యాక కాగితం విప్పేదాన్ని. పాత పేపర్లూ పిల్లల పుస్తకాలూ చింపి కట్టిన పొట్లాలు కాబట్టి ఏ సంగతీ పూర్తిగా ఉండేది కాదు. తల ఉంటే తోక ఉండదు.

చదివింది ఎవరికైనా చెప్పాలి. చెప్పకపోతే కడుపుబ్బరం. నాకున్నది మా అప్ప ఒక్కతే. అప్పంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య. అన్నదమ్ములిద్దరూ ఒక ఇంటిని నడిమిలో గోడ కట్టి పంచుకున్నారు, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. గోడ మిగిలింది. దానికి అటొకతె, ఇటొకతె మేం మిగిలాం.

చిక్కల్లా, మా ఇద్దరికీ మాటల్లేవు. పింఛను పంచేచోట అందరి ముందూ నేను సంతకం పెడుతుంటే ఆవిడ, "పల్లూడినాక పలకట్టింది, సూడండర్రా" అంది. "నీలాగ వేలికి సిరా పూసుకోడం కంటే నయమే" అన్నాను నేను. ముందు అన్నది ఆవిడే. నా మాటే పెద్దదని ఊళ్ళో అంటారు. అననీ.

మాటల్లేని ఆడవాళ్ళు మా వైపు మాట్లాడుకోకుండా ఏమీ ఉండరు. ఎదుటి మనిషితో అనకూడదు, అంతే. కోడితోనో మేకతోనో అనాలి, గోడ అవతలికి వినబడేంత గట్టిగా. నాకు మేక ఉంది. ఆవిడకి కోళ్ళు. పెరట్లో ఆ గోడ నడుమెత్తే ఉంటుంది, కాబట్టి గొంతు చించుకోనక్కర్లేదు.

"ఒసే మేకా, జిరాఫీకి మెడలో ఎముకలు ఏడేనంట. నీకూ నాకూ ఎన్నో దానికీ అన్నేనంట."

అవతల చీపురు చప్పుడు ఆగేది.

"ఒసే కోడీ, మరి దానికి మెడ పట్టీస్తే ఎంత నూనె రాయాలో అది కూడా రాసీసినారేటే?"

"నత్తకి నోట్లో వేలకొద్దీ పల్లుంటాయంట మేకా."

"నాకు రెండున్నాయే కోడీ. అడిగి ఓ నాలుగు ఇప్పించమను."

నవ్వు ముంచుకొచ్చేది. నవ్వితే ఓడిపోయినట్టే. అందుకని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అవతల దగ్గు వినబడేది. అది దగ్గు కాదని నాకు తెలుసు. ఇలాగే ఏళ్ళు గడిచాయి. కాగితాలు చదవమని ఆవిడ ఎన్నడూ అడగలేదు. కానీ సంత రోజున నేను సంచి దించకముందే గోడ అవతల తన రోలు మీద కూర్చుని ఉండేది.

ఒక సంత రోజు కాగితం మీద ఇలా ఉంది: ఆక్టోపస్ అనే సముద్రపు జీవికి ఎనిమిది చేతులు, మూడు గుండెలు, అది ఈదుతున్నప్పుడు అందులో ఒక గుండె... అక్కడికి చిరిగిపోయింది. ఉన్నంతవరకూ మేకకి చెప్పాను.

"ఒక గుండె ఏటవుతాది?" అంది ఆవిడ. కోడి మాటే మరిచిపోయింది. వెంటనే సర్దుకుని, "ఏటవుతాదంట కోడీ?" అంది.

"కాయితం సిరిగిపోనాది మేకా."

"సిరిగిన కాయితాలు సదివినోల్లని నమ్ముకుంటే ఇంతే కోడీ."

మరుసటి సంతకి వెళ్ళి ఆ మిగతా ముక్క ఉందేమో చూడమని పలుకుల వాడిని అడిగాను. "అమ్మా, నీకు పలుకులు కావాలా, గుండికాయ కావాలా?" అన్నాడు వాడు.

తరవాత ఆవిడకి మోకాళ్ళు పోయాయి. కూతురు వచ్చి సాలూరు తీసుకుపోయింది. అల్లుడికి అక్కడ లారీల పని. మేడ మీద వాటా, కోళ్ళకి చోటు లేదు. గుమ్మంలో ఆటో ఆగింది. నేను పెరట్లో మేకకి ఆకు వేస్తున్నాను. ఆవిడ కోళ్ళని పక్కింటివాళ్ళకి ఇచ్చేయడానికి గంపతో వచ్చి, గోడ దగ్గర ఆగింది.

"ఆ మూడు గుండెలదాని సంగతి ఇంక తేలనేదు కదే కోడీ. సర్లే."

వెళ్ళిరా అప్పా అన్న మాట నా నోట్లోనే ఉంది. "దారంతా గతుకులే మేకా, గట్టిగా పట్టుకుని కూకోవాల" అన్నాను. ఆటో వెళ్ళిపోయింది.

ఇప్పుడు పలుకులు కూడా ప్లాస్టిక్ సంచుల్లోనే. అయినా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కంటబడుతుంది. ఒంటె కంటికి మూడు రెప్పలట. మేకకి చెబుతాను. చెప్పాక కాసేపు ఆగుతాను. అలవాటు.

మొన్న విజయనగరంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళలో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన పిల్లల పుస్తకం ఒకటి పడి ఉంటే తిరగేశాను. ఒక పేజీలో ఎనిమిది చేతుల బొమ్మ. కింద అక్షరాలున్నాయి గాని, చుక్కల మందుకి అన్నీ అలికినట్టు ఉన్నాయి. పుస్తకం చెయ్యి చాచి దూరంగా పెట్టినా అంతే. కష్టపడి నేర్చిన చదువు కావలసిన వేళకి ఇలా పోయింది. సిగ్గు విడిచి పక్కనున్న మనిషికి పుస్తకం ఇచ్చాను.

"ఈదినప్పుడు ఒక గుండె ఏటవుతాదో సదివి సెప్పు నాయినా."

"ఆగిపోతుందంట. అందుకే ఎక్కువగా పాకుతుందంట. ఎందుకమ్మా మీకిది?"

"కావాల."

ఇంటికి వచ్చాక ఆ సంగతి ఒక పూటైనా కుదురుగా ఉండనివ్వలేదు. ప్రపంచంలో అది కావలసిన మనిషి ఒక్కతే, ఆ మనిషితో నాకు మాటల్లేవు. సాలూరుకి ఫోను చేశాను. కూతురు తీసింది.

"పిన్నీ! బాగున్నావా?"

"బాగానే ఉన్నాను. ఫోను మీ యమ్మ సెవి కాడెట్టు."

"మీకు మాటల్లేవు కదా పిన్నీ?"

"ఎట్టు, అంతే."

నేను మేక తాడు చేత్తో పట్టుకున్నాను. "ఒసే మేకా, ఆ మూడు గుండెలది ఈదినప్పుడు ఒక గుండె ఆగిపోతాదంట. అందుకే ఈదడం కంటే పాకడమే దానికి ఇష్టమంట."

అటు నుంచి లారీ హారన్ వినబడింది. ఊపిరి వినబడింది. ఆవిడ దగ్గర కోడి లేదు. నేను తాడు వదలకుండా ఆగాను.

"అలాగయితే ఈదకుండా ఓ మూల కూకోమను" అంది.

ఎవరితో అందో ఎవరికి తెలుసు. తరవాత ఫోనులో కూతురి గొంతు.

"ఏటి సెప్పినావు పిన్నీ? అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటన్నాది. నవ్వుతన్నాదో ఏడుస్తన్నాదో తెలీడం నేదు."

"దగ్గయుంటాది. నీల్లియ్యి" అన్నాను.

ఫోను పెట్టేసి గోడ అవతలికి చూశాను. రోలు నిండా ఎండుటాకులు ఉన్నాయి.