నసీమున్నీసా విన్న చెక్క

నసీమున్నీసాకి సంగీతం తెలియదు. పెళ్ళయి సత్తెనపల్లి వచ్చిన మొదటి నెలలోనే ఆ మాట మొగుడితో చెప్పేసింది. జాన్ బాషా నవ్వి, "నాకూ తెలీదులే. చెక్క ఎప్పుడు పలుకుద్దో, ఎప్పుడు పలకదో తెలుసు, అంతే" అన్నాడు.

అతని తండ్రి పల్నాడు ఊళ్ళన్నీ తిరిగి దూది ఏకేవాడు. భుజం మీద మనిషెత్తు విల్లు, దానికి బిగించిన నరం. ఆ నరం మోత వింటూ పెరిగాడు జాన్ బాషా. ఏకే మిషన్లు వచ్చి తండ్రి పని పోయాక వడ్రంగంలో చేరాడు. ఇరవై రెండో ఏట, ఒక నాటకాల సమాజం వాళ్ళు మెడ విరిగిన వయొలిన్ తెచ్చి అతికించమన్నారు. పైపలక ఊడదీసి చూస్తే లోపల పసుపు తిరిగిన చీటీ, దాని మీద ఇంగ్లీషు లాంటి అక్షరాలు. వయొలిన్ పట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. కాలేజీలో పాఠాలు చెబుతూ వయొలిన్ కూడా వాయించే శ్రీకృష్ణ మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "స్ట్రాడివారి అని ఇటలీలో క్రెమోనా అనే ఊళ్ళో ఉండేవాడయ్యా. పదిహేడొందల ముప్ఫై ఏడులో పోయాడు. తొంభై దాటాక కూడా పని మానలేదంటారు. ఇది ఆయన చేసింది కాదులే. ఎక్కడో ఫ్యాక్టరీలో చేసి ఆయన పేరు అంటించారు. ఇలాంటివి లోకంలో కొల్లలు."

"అయితే ఇది దొంగ సరుకాండీ?"

"పేరు దొంగది. కొలత ఆయనదే. ఆ నడుం వంపు చూడు, ఆ రంధ్రాలు చూడు. ఈనాటికీ చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆయన్ని చూసే గీస్తారు."

ఆ కొలత జాన్ బాషాని పట్టుకుంది. వయొలిన్‌ని అట్టల మీద గీసుకుని, టేకుతో అచ్చు చేసుకున్నాడు. అడుక్కి పనస, పైపలకకి ఉత్తరాది కొండల నుంచి తెప్పించిన తేలిక చెక్క. మొదటి రెండూ పలకలేదు. మూడోది పలికింది. దాన్ని కొన్నది ఆ సమాజం వాళ్ళే. జాన్ బాషా రోజూ అన్నం దగ్గర "ఇటలీ మేస్త్రి అయితే ఇక్కడ ఎంత పల్చన చేసుంటాడో" అని మొదలుపెట్టేవాడు. "ఆయనకి కూడా ఓ కంచం పెట్టనా?" అనేది నసీమున్నీసా విసుగ్గా. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఇంట్లో మూడో మనిషంటే ఆ ముసలాయనే.

పదిహేనేళ్ళలో ముప్ఫై తొమ్మిది వయొలిన్లు చేశాడు. తర్వాత నాటకాల వాళ్ళు కీబోర్డులు కొనుక్కున్నారు. నేర్చుకునే పిల్లలకి పెట్టెతో సహా వయొలిన్ పార్శిల్లో ఇంటికే వస్తోంది. రెండేళ్ళు తలుపులూ మంచాలూ చేసి, అవీ తగ్గాక జాన్ బాషా చీమకుర్తి వెళ్ళి బండలు కోసే యూనిట్‌లో పనికి కుదిరాడు. పెద్ద రంపం పక్కన రోజుకి పది గంటలు, ఆరేళ్ళు. చెవుల్లో ఇంత పత్తి పెట్టుకుని నిలబడేవాడు.

ఇంటికొచ్చిన ఒక ఆదివారం, సంతకి ఇద్దరూ రోడ్డు వారగా నడుస్తున్నారు. వెనక మిర్చి లారీ హారన్ మోగిస్తూనే ఉంది. జాన్ బాషా పక్కకి జరగలేదు. నసీమున్నీసా చొక్కా పట్టి లాగితే, "ఏమైందే?" అన్నాడు. మసీదు మైకు వినపడ్డం లేదని, యూనిట్‌లో మనుషుల పెదాలు చూసి జవాబు చెబుతున్నానని ఇంటికొచ్చాక ఒప్పుకున్నాడు. గుంటూరులో డాక్టరు లోపలి నరాలే చచ్చిపోయాయన్నాడు. చెవి మిషన్ పెడితే మాటలు కూడా రేకు గీకినట్టే వినపడుతున్నాయని జాన్ బాషా తీసి పక్కన పెట్టేశాడు. యూనిట్ వాళ్ళు మళ్ళీ రమ్మనలేదు.

అప్పటికే నసీమున్నీసా కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది. సాయంత్రానికి వేళ్ళు మంటెత్తిపోయేవి. అలాంటి రోజుల్లో గుంటూరు నుంచి అఖిల వచ్చింది. శ్రీకృష్ణ మాస్టారి శిష్యురాలు, సంగీతం టీచరు. తన దగ్గర నేర్చుకునే తేజశ్రీకి మంచి వయొలిన్ కావాలట. తేజశ్రీ తండ్రి యలమందయ్య మిర్చి రైతు. నసీమున్నీసా "ఆయనకి వినపడదమ్మా" అని చెప్పబోయేలోపే, అఖిల పెదాలు చూసి గ్రహించిన జాన్ బాషా, "చేస్తానమ్మా" అని గట్టిగా అన్నాడు.

మర్నాడు పొద్దున వయొలిన్ పైపలక ఆమె చేతికిచ్చి, "పట్టుకో. వేలుముడితో తట్టు. ఏం వినపడుద్దో చెప్పు" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"నీకు చెవులున్నాయిగా."

ఆమె తట్టింది. సంగీతం మాటలు రావు గనక తనకొచ్చిన మాటలే చెప్పింది. తడికుండ. అటుకుల డబ్బా. ఎండిన సొరకాయ బుర్ర. ఆమె బడిపిల్లల పలక మీద రాసి చూపించేది, అతను గీకేవాడు, మళ్ళీ ఇచ్చేవాడు. మూడు నెలలకి ఒక పొద్దున తట్టితే ఆ మోత ఆమె మోచేతి దాకా పాకింది. "గుడి గంట కొట్టి ఆపేశాక గాల్లో ఉంటదే, అట్టా" అని రాసింది. జాన్ బాషా చిత్రిక కింద పెట్టేశాడు.

తేజశ్రీ ఆ వయొలిన్ మీదే డిప్లొమా పరీక్ష నెగ్గింది. దాంతో అఖిల తన కోసం ఇంకోటి చేయమంది.

ఈ రెండోది లొంగలేదు. నాలుగు నెలలు గీకాడు. బండల దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయి దగ్గు ఎక్కువైంది. తిండి మానేశాడు. బిగించి తీగలు కట్టాక, తను తీగల మీద వేళ్ళు నొక్కుతూ నసీమున్నీసా చేత కమాను లాగించాడు. మూడో తీగ మీద ఒకచోట స్వరం వణికి కుక్క ఊళ పెట్టినట్టయింది. ఆమె మొగుడి మొహం చూసింది. ఎముకలు తేలిన బుగ్గలు, ఆత్రంగా చూస్తున్న కళ్ళు. పలక మీద "బాగుంది" అని రాసింది. ఆ పూట అతను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పది రోజులకి అఖిల వయొలిన్ వెనక్కి తెచ్చింది. ఒకచోట స్వరం ఊళ పెడుతోందని కాగితం మీద రాసి అతని చేతికిచ్చింది. జాన్ బాషా నమ్మలేదు. వయొలిన్ తల పళ్ళతో కరిచి పట్టుకుని, వాయించమని సైగ చేశాడు. అఖిల ఆ చోట వేలు పెట్టి కమాను లాగింది. దవడ అదిరినప్పుడు అతని కళ్ళు నసీమున్నీసా వైపు తిరిగాయి.

"నీకు వినపళ్ళేదా?"

లేదనవచ్చు. అంటే నమ్మేవాడే. ఆమె తల అడ్డంగా ఊపలేకపోయింది. పలక తీసుకుని, "వినపడింది. మీరు తిండి తినట్లేదని అబద్ధం చెప్పా" అని రాసింది.

అతను ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు. "చెవులు పోయినరోజు కూడా నేనింత చెవిటోణ్ణి కాలేదే" అన్నాడు.

నెల్లాళ్ళు పనిబల్ల దగ్గరికి వెళ్ళలేదు, ఆమెతో మాట్లాడలేదు. నసీమున్నీసా అన్నం పెట్టేది, పనికి వెళ్ళేది, వచ్చి మళ్ళీ పెట్టేది. ఒక శుక్రవారం ఆమె పని మానేసి, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని అతని ముందు కూర్చుంది. దాని వీపంతా అంగుళం అంగుళం తట్టి, ఒకచోట సుద్దతో గుండ్రంగా గీసింది. "ఇక్కడ డబ్బా" అని రాసి చూపించింది. జాన్ బాషా కదల్లేదు. ఆమె చెరిపి, "ఇంకెప్పుడూ మీ మీద జాలిపడను" అని రాసింది. అప్పుడు లేచి, అతుకు విప్పడానికి కత్తి వేడిచేశాడు.

వయొలిన్ ఐదుసార్లు విప్పాడు. నాలుగుసార్లు ఆమె "లేదు" అని రాసింది, కళ్ళనీళ్ళు కారుతున్నా రాసింది. ఐదోసారి ఊళ పోయింది. అఖిల వచ్చి తీసుకెళ్ళింది.

ఆ తర్వాతి వేసవిలో ఊపిరాడక, గవర్నమెంటు ఆస్పత్రి వరండాలో జాన్ బాషా పోయాడు. యాభై నాలుగేళ్ళు. బల్ల మీద నలభై రెండో వయొలిన్ పలకలు విడివిడిగా ఉండిపోయాయి. అచ్చులు అడగడానికి చుట్టుపక్కల ఎవరూ రాలేదు. నేర్చుకున్నవాళ్ళు లేరు.

ఈ ఏడు గుంటూరులో, జాన్ బాషా చేసిచ్చిన వయొలిన్ మీదే తేజశ్రీ కచేరీ జరిగింది. అఖిల పట్టుబట్టి నసీమున్నీసాని పిలిపించి, ముందు వరసలో కూర్చోబెట్టింది. జనం తలలు ఊపుతున్నారు. రెండో పాట మధ్యలో నసీమున్నీసాకి సన్నగా, చాలా సన్నగా ఒక గరగర వినపడింది. పక్కనున్నవాళ్ళకి వినపడలేదు. వాయించేవాళ్ళకీ వినపడినట్టు లేదు.

కచేరీ అయ్యాక ఆమె తేజశ్రీ దగ్గరికెళ్ళి, వయొలిన్ తీసుకుని అంచు వెంబడి తట్టుకుంటూ పోయింది. ఎడమ పక్క నడుం దగ్గర ఆగింది.

"ఇక్కడ అతుకు విడుతోందమ్మా. బాగు చేయించేదాకా వాయించమాక."

"నాకు తెలీనే లేదు పిన్నీ. ఎవరికివ్వాలి?"

నసీమున్నీసాకి ఒక్క పేరూ తోచలేదు. "అఖిలమ్మని అడుగు. మద్రాసులో ఎవరన్నా ఉంటారేమో" అంది. పొద్దున్నే పనికెళ్ళాలని చెప్పి, భోజనానికి ఉండకుండా బస్టాండుకి ఆటో ఎక్కింది.