దాలయ్య కుడి దవడ

వల బాగుచేసేవాడికి రెండు చేతులు చాలవు. ఎడమచేతిలో కొలతబద్ద, కుడిచేతిలో దారం చుట్టిన సూది, వల అంచు కాలి బొటనవేలికి. ఇక దారం కొస పట్టడానికి మిగిలేవి పళ్లే. జాలరిపేటలో దాలయ్య ముప్పై ఏళ్లుగా కుడి దవడ పళ్లతోనే దారం పట్టి ముడి బిగించేవాడు. వాళ్ల నాన్న కాలంలో నూలు వలలు. కుళ్లకుండా తంగేడు చెక్క కషాయంలో ముంచేవారు. ఆ వగరు నాలుకకు తగిలితే చాలు, వల ఎన్నాళ్లు ఆగుతుందో ఆ ముసలాయన చెప్పేసేవాడట. నైలాన్‌కి రుచి లేదు, పైగా జారుడు గుణం. ముడి ఎంత బిగిసిందో పంటికే తెలియాలి.

2003లో మరబోటు మీద వల లాగే విన్చి పిడి ఎగిరొచ్చి, కుడివైపు కింది పళ్లు రెండు ఊడగొట్టింది. ఓ దంత వైద్య కళాశాలలో కుర్రడాక్టర్లు పని నేర్చుకుంటూ తక్కువకే మరపళ్లు పెడుతున్నారని విని వెళ్లాడు. ధనశ్రీ అనే డాక్టరు దవడ ఎముకలో మరలు బిగించి, నాలుగు నెలలు ఆగి, వాటిమీద పళ్లు కూర్చింది. చూడడానికి ముచ్చటగానే ఉన్నాయి.

మర్నాడే దారం పట్టాడు. పట్టాడో లేదో తెలియలేదు. ఇంకాస్త కొరికాడు. అయినా తెలియలేదు. నెల తిరిగేసరికి చెవి ముందున్న కీలు టక్కుమనడం మొదలైంది. ఒక ఉదయం నోరు సరిగా తెరుచుకోక, ఒక్క వేలికి మించి పట్టలేదు. అదే వారం బోటు యజమాని అప్పలసూరి వల తెచ్చి ముందు పడేశాడు. ముడులు జారి కన్నులు వెడల్పయ్యాయట, వంజరాలు దాటిపోయాయట. ఇంకోసారి ఇలాగైతే పని గంగవరం వాళ్లకిచ్చేస్తానని నెమ్మదిగానే చెప్పి వెళ్లాడు. దాలయ్యకు భయం వేయాలి. వేయలేదు. గోడ చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ కళాశాలకు వెళ్తే, ధనశ్రీ నీలం కాగితం కొరికించి చూసి, ఒక పన్ను ఎత్తుగా ఉందని అరగదీసింది. కీలు చెడిపోలేదంది. మెత్తని తిండి తిని, కాపడం పెట్టుకుంటే సర్దుకుంటుందంది. సొంత పంటి వేరుకీ ఎముకకీ మధ్య పలచని పొర ఉంటుందట. వెంట్రుక అడ్డొచ్చినా కబురు పంపేది అదేనట. మరకు ఆ పొర లేదు గనక, కబురు అందక దవడ ఇంకా ఇంకా కొరుకుతుందట. అన్నం నమలొచ్చు గానీ దారం పట్టొద్దంది.

"పంటికి తెలకపోతే నాకెలాగ తెలస్తాది డాక్టరమ్మా?" అన్నాడు.

"అది నాకూ తెలీదండి" అంది ధనశ్రీ.

ఎడమవైపు పట్టి చూస్తే దవడ పక్కకు లాగి, కీలు మళ్లీ పట్టేసింది. భార్య జోగమ్మ, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ, ఇదంతా చూసిచూసి, చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. ఎదురుగా కూర్చుని దారం కొస తన పళ్ల మధ్య పెట్టుకుంది. బిగువు సరిపోగానే "ఊఁ" అనేది. అప్పుడు దాలయ్య ముడి వేసేవాడు.

"ముప్పై యేళ్లు నాను నోటితో సెప్పింది ఒక్కటీ ఇన్నేదు. ఇప్పుడు పళ్లతో సెప్తే ఇంటన్నావు" అంది ఓసారి దారం తీసి.

నవ్వాల్సిన మాటే. దాలయ్య సూదికి దారం చుట్టుకున్నాడు.

ఆ వలలో ముడి ఒక్కటీ జారలేదు. మూడోవారం అప్పలసూరి మరో రెండు వలలు భుజానేసుకొచ్చి, పాత పనే సెయ్యి బావా అన్నాడు.

"పని నాది కాదు. దానిది. దాన్నడుగు" అన్నాడు దాలయ్య, తలెత్తకుండా.

అప్పలసూరి నిజంగానే అడిగాడు. జోగమ్మ నోట్లో దారం ఉంది. కళ్లతో మూల చూపించింది. అతను వలలు అక్కడ పెట్టి వెళ్లాడు.