అరవై ఒకటో రాయి దగ్గర ఆగిన బండి

యాయుత్ బండిని ముందు చూడదు, వాసన చూస్తుంది. పికప్ వచ్చి షెడ్డు ముందు ఆగగానే డ్రైవరును పలకరించకుండా నేరుగా వెళ్ళి చక్రం పక్కన గొంతుక్కూర్చుంటుంది. కాలిన బ్రేకు లైనింగ్ వాసన ఎంత ఘాటుగా ఉందో చూసి, ఏ మలుపు నుంచి వాడు బ్రేకు మీద కాలు తీయకుండా దిగాడో చెప్పేస్తుంది. ఆ పక్కనే నూడుల్స్ కొట్టు పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఆమె అంచనా తప్పిన రోజు నాకు గుర్తు లేదు.

మా ఊరు నలభై కిలోమీటర్ల దిగుడు రోడ్డుకు అడుగున ఉంటుంది. పైన క్యాబేజీ తోటలు, పియర్ తోటలు. వాటి బరువంతా నీలం పికప్పుల మీదే కిందికి దిగాలి. యాయుత్ తండ్రి దుంగల లారీ నడిపేవాడు. బ్రేకులు పోయి ఒక కాలు పోగొట్టుకున్నాడు. అప్పుడు ఆమెకు పదహారేళ్ళు. మగ్గం మీద సగం నేసిన బట్ట అలాగే వదిలేసి బ్రేకుల పని నేర్చుకుంది. ఇంజను పని మాత్రం ముట్టుకోదు. "ఇంజను పోతే బండి ఆగుతుంది. నాకెందుకది? ఆగని బండి నా దగ్గరికి తెండి" అంటుంది.

ఊళ్ళో ముసలమ్మలు ఊరుకునేవారా? "చచ్చాక నేత రంగంటి ఎర్రగా ఉన్న చేతులే ఇంద్రధనుస్సు వంతెన దాటతాయే. ఈ మసి చేతులతో పోతే కాపలా ఆత్మ నిన్ను తోసేస్తుంది" అని ఏడిపించేవారు.

"తోసెయ్యనీలే పిన్నీ. ఆయనకీ ఓ బండి ఉండే ఉంటుంది. బ్రేకులు పాడయ్యాక ఆయనే పిలుస్తాడు."

ఇలా ఎవరికైనా మాటకు మాట అప్పజెప్పే మనిషి, లవా కనబడితే మాత్రం నోరు మెదపదు. లవా ఆమెకు వదిన వరస. లవా భర్త యుకన్ పన్నెండేళ్ళ కిందట, తుఫాను వచ్చే ముందు రోజు, పియర్ బుట్టలు నింపుకుని పై తోట నుంచి బయలుదేరాడు. కిందికి చేరలేదు. తుఫానుకు రోడ్డు అంచులు చాలాచోట్ల కొట్టుకుపోయాయి. తర్వాత అక్కడ కొత్త గోడలు కట్టారు. బండి జాడ లేదు, మనిషి జాడ లేదు. పళ్ళు అమ్ముకుని మైదానంలో ఎవర్తెతోనో కాపురం పెట్టాడని ఊరు తీర్మానించేసింది. లవా పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది.

పోయిన ఏడు శరదృతువులో హయుంగ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మాటల పుట్ట. ఆ రోజు మాత్రం దిగులుగా ఉన్నాడు.

"అక్కా, నా బండి బ్రేకు దానంతటదే పట్టేస్తోంది. నేను కాలు పెట్టకుండానే."

"ఎక్కడ?"

"ప్రతిసారీ అరవై ఒకటో కిలోమీటరు రాయి దగ్గరే. ఓ పావుగంట కదలదు. తర్వాత..." వాడు నా వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. "వెనక తలుపు మీద ఎవరో మూడుసార్లు కొడతారు. అప్పుడు వదులుతుంది."

"తాగి నడుపుతున్నావా ఏంట్రా?"

"మా అమ్మ మీద ఒట్టు అక్కా!"

యాయుత్ నాలుగు చక్రాలూ ఊడదీసింది. బ్రేకు షూలు కొత్తవి. అవి పట్టుకునే డ్రమ్ములు నున్నగా ఉన్నాయి. ఎక్కడా నూనె చెమ్మ లేదు. మర్నాడు తనే వాడితో పైకి వెళ్ళి, క్యాబేజీ నింపాక అదే బండిలో దిగింది. ఆ ప్రయాణం గురించి తర్వాత నా కొట్లో కూర్చుని చెప్పింది.

మూడు గంటలవేళ పొగమంచు రోడ్డు మీదికి పాకుతోందట. రాయి కనబడేసరికి బండి బరువెక్కింది. నీళ్ళలో నడిచే మనిషిలా ఈడ్చి ఈడ్చి, సరిగ్గా రాయి పక్కన నిలబడిపోయింది. ఇంజను ఆపారు. పక్షి కూత కూడా లేదు. పావుగంట గడిచాక వెనక నుంచి వినబడింది. టక్. టక్. టక్. తొందర లేకుండా, తలుపు తీస్తారని నమ్మకం ఉన్నవాళ్ళు కొట్టినట్టు.

హయుంగ్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. యాయుత్ దిగి చుట్టూ తిరిగి చూసింది. ఎవరూ లేరు. చక్రం ముట్టుకుంటే చెయ్యి కాలింది.

"భయపడకు. నీ పెడల్ వెనకున్న కడ్డీని ఎవడో మరీ బిగించాడు. నూనె వెనక్కి పోయే చిన్న రంధ్రం మూసుకుపోయింది. వేడికి నూనె ఉబ్బి, దారి లేక బ్రేకుల్ని తొక్కుతోంది. ఒకే దిగుడు, ఒకే బరువు. అందుకే ఒకేచోట ఆగుతోంది. చల్లబడ్డాక షూలు డ్రమ్మును వదిలే చప్పుడే అది."

"మూడుసార్లేనా, అక్కా? చక్రాలు నాలుగు కదా?"

ఆమె బండెక్కి, "పోనియ్" అంది.

షెడ్డుకు వచ్చి కడ్డీని వదులు చేసింది. పెడల్ పైన కాస్త వదులుగా ఆడేలా చేసింది. నూనె మార్చి గొట్టాల్లో గాలి తీసింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ వాడితో దిగింది. ఈసారి బండి ఎక్కడా పట్టలేదు. చక్రాలు చల్లగా తిరుగుతున్నాయి. రాయి దగ్గరకొచ్చారు, దాటుతున్నారు. బండి కదులుతుండగానే వెనక తలుపు మీద, ఈసారి గట్టిగా, టక్ టక్ టక్.

"ఆపు" అంది యాయుత్.

"అక్కా, పోదాం. దండం పెడతాను."

"ఆపరా!"

ఆమె దిగింది. వెనక తలుపు గొళ్ళెం వేసినట్టే ఉంది. మళ్ళీ చప్పుడు వచ్చింది. ఈసారి బండి నుంచి కాదు, రోడ్డు అంచు కింది నుంచి. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు. కొత్త గోడ మీద నుంచి వంగి చూసింది. ఎంతసేపటికీ తెల్లటి పొగమంచే. ఎవరో దుప్పటి లాగినట్టు అది ఒక్కసారి పక్కకు జరిగింది. లోయలో చాలా లోతున, ఫెర్న్ పొదల మధ్య, తలకిందులైన చక్రం. దాని పక్కన వెలిసిన నీలం రంగు.

అగ్నిమాపక దళంవాళ్ళు తాళ్ళు కట్టి దిగడానికి రెండు రోజులు పట్టింది. యుకన్ ఎముకలు సీట్లోనే ఉన్నాయి. బండిని ముక్కలుగా పైకి లాగి రోడ్డు పక్కన పెట్టారు. ఊరంతా దూరంగా నిలబడింది. లవా భర్త పేరున కొర్ర సారాయి నేల మీద పోసి, ఏడవకుండా నిలబడింది. యాయుత్ మాత్రం ఆ తుప్పు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క గొట్టాన్నీ వేళ్ళతో తడుముతోంది. ఏం వెతుకుతోందో నాకు అర్థం కాలేదు.

చెప్పింది, మర్నాడు, లవా ముందే. నన్ను తోడు రమ్మంది.

"వదినా, అన్నయ్య పైకి వెళ్ళే ముందు రోజు ఆ బండికి బ్రేకులు వేసింది నేనే. వెనక చక్రం దగ్గర గొట్టం నట్టు బిగించానా లేదా అని ఈ పదకొండేళ్ళూ గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నా. ఊళ్ళోవాళ్ళు ఆయన లేచిపోయాడంటే నాకు ప్రాణం లేచొచ్చింది. బతికుంటే నా తప్పు లేనట్టే కదా! ఎవరో అడిగితే, అవును, వెళ్ళిపోయే ఉంటాడని నేనూ అన్నాను."

లవా ఆమె చేతుల వైపు చూసింది.

"నట్టు బిగించి ఉందా?"

"ఉంది. గేరు మాత్రం న్యూట్రల్లో ఉంది. బరువంతా బ్రేకుల మీదే పడింది."

"పెట్రోలు మిగుల్తుందని దిగుళ్ళలో ఎప్పుడూ అట్లాగే తీసేసేవాడు. తిట్టీ తిట్టీ నా నోరు పడిపోయేది." లవా లేచి తలుపు దగ్గరికి నడిచింది. "నీ బ్రేకులు ఆయన్ని చంపలేదు. నీ మాట మాత్రం నన్ను పదకొండేళ్ళు చంపింది. వెళ్ళు."

తిరిగి వస్తూ దారిలో యాయుత్ నాకు ఇంకో సంగతి చెప్పింది. పోలీసులకు గానీ లవాకు గానీ చెప్పలేదట. ఆ బండిలో అన్నీ తుప్పు పట్టి పిండైపోయాయి. బ్రేకు నూనె డబ్బా ఒక్కటే పగలలేదు. తలకిందులుగా పదకొండేళ్ళు పడి ఉన్నా మూత బిగువుగానే ఉంది. విప్పితే నూనె అంచు దాకా ఉంది. నల్లబడలేదు. తను పోసిన రోజు ఎలా ఉందో అలాగే, పల్చటి టీ రంగులో, కొంచెం గోరువెచ్చగా ఉందట.

"గోరువెచ్చగానా? ఎండ తగిలి ఉంటుంది" అన్నాను.

"ఆ రోజు ఎండ లేదు" అంది.

యుకన్‌ను తోట పైన పూడ్చారు. హయుంగ్ అదే బండిలో అదే దారిన తిరుగుతున్నాడు. ఇప్పుడు ఏ చప్పుడూ లేదంటాడు. అయినా రాయి దగ్గర కిటికీ అద్దం దించి, "అన్నా, పోతున్నా" అని కేకేసి గానీ దాటడు.

లవా ఏడాదిపాటు మా వీధి వైపు రాలేదు. యాయుత్ చాలా చిక్కిపోయింది. నా కొట్లో గిన్నె ముందు పెట్టుకుని సగం వదిలేసి పోయేది. మొన్న పియర్ కోతల ముందు ఒక సాయంత్రం, పాత పికప్పొకటి వచ్చి షెడ్డు ముందు నిలబడింది. లవా దిగింది. ఈ వయసులో బండి నడపడం ఎప్పుడు నేర్చుకుందో ఎవరికీ తెలియదు.

యాయుత్ లేచి చేతులు తుడుచుకుంది. చక్రం వైపు నడవబోయింది.

"ఆగు" అంది లవా. ఒక స్టూలు లాక్కుని చక్రానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "నా కళ్ళ ముందు విప్పు. ప్రతి నట్టూ బిగిస్తూ నాకు చెప్పు."

యాయుత్ స్పానరు అందుకుంది. నేను రెండు గిన్నెల్లో నూడుల్స్ వేసి, చల్లారకుండా మూత పెట్టాను.